దోస్తులు కూడబెట్టిన ఖజానా

పోయిన రంజాన్ పండక్కి అమెరికా నుంచి మా మేనల్లుడు వచ్చాడు. ఈద్‌గాహ్ నుంచి తిరిగి రాగానే షేర్వానీ విప్పి కొయ్యకు తగిలించి, నీలిరంగు జీన్స్ ప్యాంటు తొడుక్కున్నాడు. ఆ ప్యాంటు అంటే నాకు మొదటినుంచీ పడదు. "పండగ పూట కూడా ఈ గోనెపట్టా ఏమిట్రా?" అన్నాను. వాడు నవ్వి, పెట్టెలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. "మామూ, మీరు కోప్పడే ఈ గుడ్డ అమ్మిన డబ్బుతోనే మా ఊరి మ్యూజియానికి పేరొచ్చింది. తీరిగ్గా చదవండి. బొమ్మలు నచ్చకపోయినా కథ నచ్చుతుంది" అన్నాడు.

వాడన్నట్టే అయింది. బొమ్మల్లో కొన్నిటిని చూడలేక పేజీ తిప్పేశాను. కథను మాత్రం రెండుసార్లు చదివాను. తరువాత ఆ విషయం మీద దొరికిన మరికొన్ని పుస్తకాలూ తెప్పించుకుని చదివాను.

వాడుండే ఊరు బాల్టిమోర్. అమెరికా తూర్పు తీరాన మేరీలాండ్ రాష్ట్రంలోని ఓడరేవు పట్టణం. అక్కడి ఆర్ట్ మ్యూజియం 1914లో పుట్టింది. ఇవాళ అందులో హెన్రీ మటీస్ అనే ఒక్క చిత్రకారుడి రచనలే 1,200కు పైగా ఉన్నాయి. మటీస్ ఫ్రెంచివాడు. పారిస్‌లోనూ, దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న నీస్‌లోనూ అతని జీవితం గడిచింది. బాల్టిమోర్‌కు అతను అతిథిగా వచ్చి వెళ్లినవాడే తప్ప అక్కడ కాపురం ఉన్నవాడు కాడు. మరి అతని చేతి శ్రమలో ఇంత భాగం ఆ రేవు పట్టణానికి ఎలా చేరింది? ప్రభుత్వం కొనలేదు. కమిటీ కూర్చుని తీర్మానించలేదు. పెళ్లికాని ఇద్దరు అక్కాచెల్లెళ్లు, వాళ్ల స్నేహితులు, ఆ స్నేహితుల స్నేహితులు. అంతే.

ముప్పై ఏళ్లుగా పిల్లలకు చదువు చెబుతున్నాను. ఎన్నోసార్లు వాళ్లను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాను. ఈ వస్తువు ఎవరు చేశారు, ఎన్నాళ్ల నాటిది, ఎంత విలువ చేస్తుంది అని పిల్లలు అడుగుతారు, నేను తెలిసినంత చెబుతాను. ఎవరి దోస్తీ వల్ల ఇది ఈ గోడ దాకా వచ్చింది అని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. ఈ పుస్తకం చదివాక ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

శనివారం సాయంత్రాలు

అక్కపేరు క్లారిబెల్ కోన్, పుట్టింది 1864లో. చెల్లెలు ఎట్టా, 1870లో. జర్మనీ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం వాళ్లది. మొత్తం పదముగ్గురు సంతానం. తండ్రిది టోకు కిరాణా వ్యాపారం. అన్నలు మోజెస్, సీజర్ ఇద్దరూ నార్త్ కరొలైనా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో బట్టల మిల్లులు పెట్టారు. జీన్స్ కుట్టే ముతక నీలి గుడ్డ ఆ మిల్లుల్లో నేసేవారు. 1915 నుంచి లీవైస్ కంపెనీకి ఆ గుడ్డే వెళ్లింది. ఆ రాబడిలోంచి చెల్లెళ్లకు ఏటేటా కొంత సొమ్ము అందేది. అమెరికా మహా కోటీశ్వరుల ముందు అది లెక్కలోకి వచ్చేది కాదు. వాళ్లలా రాజుల కోటల్లోని తైలవర్ణ చిత్రాలను కొనే స్థోమత ఈ అక్కాచెల్లెళ్లకు లేదు. ఇది గుర్తుంచుకోవాలి. ఎవరూ కోరని వాటిని కొనగలిగిన సొమ్ము మాత్రమే వాళ్ల దగ్గర ఉండేది.

క్లారిబెల్ డాక్టరు చదివింది. 1890లో స్త్రీల వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకుని, రోగనిర్ధారణ శాస్త్రం బోధించింది, జర్మనీ వెళ్లి పరిశోధన చేసింది. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. ఎట్టా ఇల్లు చూసుకునేది. మన ఇళ్లలో అందరి మందులూ, అందరి బట్టలూ గుర్తుపెట్టుకుని తన సంగతి మరిచిపోయే ఆడబిడ్డ ఒకరు ఉంటారు కదా, ఎట్టా అలాంటిది. 1898లో పెద్దన్న ఆమె చేతికి 300 డాలర్లిచ్చి హాలు కాస్త కళగా కనిపించేట్టు ఏదైనా కొనమన్నాడు. పరదాలో, కుర్చీలో కొంటుందని అనుకుని ఉంటాడు. ఆమె థియొడోర్ రాబిన్సన్ అనే అమెరికన్ చిత్రకారుడి బొమ్మలు ఐదు కొని తెచ్చింది. బాల్టిమోర్ ఖజానాకు అదే బిస్మిల్లా.

ఆ ఇంట్లో శనివారం సాయంత్రం మెహఫిల్ జరిగేది. డాక్టర్లు, సంగీతం తెలిసినవాళ్లు, చదువుకున్న కుర్రకారు వచ్చేవారు. 1892లో తల్లిదండ్రులు లేని స్టెయిన్ కుటుంబపు పిల్లలు బాల్టిమోర్‌లోని తమ పిన్ని ఇంటికి చేరి, ఈ మెహఫిల్‌లోనూ కలిశారు. వాళ్లలో లియో స్టెయిన్‌కు బొమ్మల పిచ్చి. అతని చెల్లెలు గెర్ట్రూడ్ వైద్యం చదవడానికి చేరి, మధ్యలో వదిలేసి, తరువాత పెద్ద రచయిత్రిగా పేరు తెచ్చుకుంది. వీళ్ల అన్న మైకేల్, వదిన సారా కూడా కథలోకి వస్తారు. తరువాత నలుగురూ పారిస్‌లో స్థిరపడ్డారు.

1901లో ఎట్టా మొదటిసారి యూరప్ వెళ్లినప్పుడు ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో లియో ఆమెను వెంటబెట్టుకుని చిత్రశాలలన్నీ తిప్పాడు. ఏ బొమ్మ ముందు ఎంతసేపు నిలబడాలో, ఎక్కడ ఏం చూడాలో చెప్పాడు. ఇది పుస్తకాల్లో దొరకని చదువు. నా అనుభవం ఒకటి చెబుతాను. నస్తలీఖ్ రాత ఇరవై ఏళ్లు చదివాక కూడా నాకు అందులో అక్షరాలే కనిపించేవి. ఒక కాతిబ్ మిత్రుడు ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కలం ఎక్కడ ఒత్తింది, ఎక్కడ తేలిక పడింది, ఒక నూన్ కడుపు మరో నూన్ కడుపుకు ఎందుకు సాటి రాదు అని వేలుపెట్టి చూపించాడు. ఆ రోజు నుంచి నాకు దుకాణాల బోర్డులు కూడా వేరేగా కనిపించసాగాయి. కన్ను అల్లా ఇచ్చినదే అయినా, చూపు నాకు దోస్తు ఇచ్చాడు. ఎట్టా విషయంలో లియో చేసిన పని అదే.

పేదరికంలో ఉన్న ఇద్దరు చిత్రకారులు

1905 శరదృతువులో ఎట్టా పారిస్‌లో స్టెయిన్‌ల ఇంటికి దగ్గరలోనే మకాం పెట్టింది. ఆ ఏడు పారిస్ ప్రదర్శనలో మటీస్, అతని మిత్రులు పెట్టిన చిత్రాలను చూసి జనం విరగబడి నవ్వారు. ముఖం మీద పచ్చరంగు, టోపీ మీద లెక్కలేనన్ని రంగులు. ఒక విమర్శకుడు వాళ్లను అడవి మృగాలన్నాడు. అందరూ నవ్విన ఆ టోపీ స్త్రీ చిత్రాన్ని స్టెయిన్‌లు 500 ఫ్రాంకులకు కొన్నారు. మటీస్ అప్పటికి ముప్పై ఐదేళ్లు దాటిన సంసారి, ముగ్గురు బిడ్డల తండ్రి. ఆ అమ్మకం అతని ఇంటికి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఆ చలికాలంలో గెర్ట్రూడ్ తన మొదటి పుస్తకం రాస్తోంది. ఎట్టా ఆ రాతప్రతిని కూర్చుని టైపు కొట్టి పెట్టింది. ప్రతిఫలంగా దొరికినది డబ్బు కాదు, దారి. నవంబరులో గెర్ట్రూడ్ ఆమెను కొండమీది ఒక పాత భవనానికి తీసుకెళ్లింది. అక్కడ పాబ్లో పికాసో అనే ఇరవై నాలుగేళ్ల స్పెయిన్ కుర్రాడు చలికి వణుకుతూ బొమ్మలు వేస్తున్నాడు. ఎట్టా 120 ఫ్రాంకులిచ్చి రెండు చిన్న బొమ్మలు కొన్నది. 1906 జనవరిలో స్టెయిన్‌ల ద్వారానే మటీస్ పరిచయమయ్యాడు. అతని దగ్గరా రేఖాచిత్రాలు కొన్నది. ఆ పరిచయం ఆమె చనిపోయేదాకా, నలభై మూడేళ్లు సాగింది.

ఈ కొనుగోళ్ల సంగతి గెర్ట్రూడ్ 1933లో అచ్చయిన ఒక పుస్తకంలో రాసింది. పికాసో చేతిలో పైసా లేనప్పుడల్లా ఎట్టాను తీసుకెళ్లి వంద ఫ్రాంకుల బొమ్మలు కొనిపించేదాన్నని ఆమె రాసిన తీరులో కాస్త వెటకారం ఉంది. చదువరి ఎట్టా పక్షం వహించక తప్పదు. ఖైరాత్ అనే అనుకుందాం. ఆ వంద ఫ్రాంకులు ఇచ్చినవాళ్లు ఆ రోజుల్లో ఎంతమంది?

గెర్ట్రూడ్ జీవితంలోకి 1907లో కొత్త నేస్తం అలీస్ టోక్లాస్ వచ్చాక, టైపు కొట్టే పని ఆమె చేతికి పోయింది, ఎట్టాతో పాత చనువు పలచబడింది. చాలా ఏళ్లకు గెర్ట్రూడ్ అదే పుస్తకపు రాతప్రతిని వెయ్యి డాలర్లకు కొనమని ఎట్టాకు కబురు పెట్టింది. తాను రాత్రింబవళ్లు కూర్చుని టైపు కొట్టిన ప్రతి! ఎట్టా మర్యాదగా వద్దంది. దోస్తీలో లెక్కలు చొరబడితే ఏమవుతుందో మనకూ తెలుసు. మైకేల్, సారాలతో మాత్రం సంబంధం చెడలేదు. తరువాతి కాలంలో పారిస్‌లో అక్కాచెల్లెళ్ల కొనుగోళ్లకు మైకేల్ సాయపడ్డాడు. మటీస్ కూతురు మార్గరెట్‌తో ఎట్టాకు స్నేహం కుదిరింది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలమంతా క్లారిబెల్ జర్మనీలోని మ్యూనిక్‌లోనే ఉండిపోయింది. యుద్ధం ముగిశాక, 1922 నుంచి, ఇద్దరూ దాదాపు ఏటా వేసవిలో పారిస్ వెళ్లడం, పెట్టెలతో తిరిగి రావడం. బాల్టిమోర్‌లోని యూటా ప్లేస్‌లో, ఒకే మేడలో, పక్కపక్క వాటాల్లో వాళ్ల కాపురం. గోడలు నిండాయి, నడవాలు నిండాయి, స్నానాలగదుల్లోనూ బొమ్మలు వేలాడాయి. బొమ్మలే కాదు, అల్లికలు, తివాచీలు, నగలు, శాలువలు. మిల్లు యజమానుల చెల్లెళ్లకు గుడ్డ విలువ తెలియదా!

నీలి చిత్రం, మన బిస్క్రా

క్లారిబెల్ 1926లో పారిస్ వేలంలో కొన్న ఒక మటీస్ చిత్రం గురించి విడిగా చెప్పాలి. 1907లో వేసిన ఆ చిత్రం పేరు నీలి నగ్నచిత్రం. దాన్ని నేను ఇక్కడ వర్ణించను. దాని రెండో పేరు మాత్రం నన్ను ఆపింది: బిస్క్రా జ్ఞాపకం. బిస్క్రా అల్జీరియాలోని ఒక ఒయాసిస్ పట్టణం. 1906లో మటీస్ అక్కడికి వెళ్లి వచ్చాడు. 1910లో మ్యూనిక్‌లో జరిగిన ముస్లిం కళల మహాప్రదర్శన చూడటానికి పనిగట్టుకుని వెళ్లాడు. ఆ ఏడు చివర స్పెయిన్ వెళ్లి అల్‌హంబ్రా చూశాడు. 1912, 1913లలో మొరాకోలోని తాంజీర్‌లో నెలల తరబడి ఉన్నాడు. బొమ్మలో లోతు చూపించడం మానేసి, అంచు నుంచి అంచుదాకా రంగుతో, పువ్వుతో, తీగతో నింపడం అతను మన తివాచీల దగ్గర, మన పలకల దగ్గర, ఇరానీ చిత్రాల దగ్గర నేర్చుకున్నాడు. ఈ మాట అతనే ఒప్పుకున్నాడు.

అప్పు తీసుకున్నవాడు దాన్ని ఎలా వాడాడన్నది వేరే ప్రశ్న. 1920లలో నీస్‌లో అతను వేసిన ఒదాలిస్క్ చిత్రాలు ఎన్నో బాల్టిమోర్‌లో ఉన్నాయి. ఒదా అంటే తుర్కీలో గది. ఒదాలిక్ అంటే అంతఃపురంలో గది పని చేసే దాసి. ఆ మాటను ఫ్రెంచివాళ్లు తీసుకుని పరుపు మీద ఒరిగి పడుకున్న స్త్రీకి పేరుగా మార్చారు. చూసేవాడు ముస్లిం ఇళ్ల లోపల ఇలాగే ఉంటుందనుకుంటాడు. నిజానికి వాళ్లు ఫ్రెంచి యువతులు. అద్దె గదిలో తెరలు, తివాచీలు కట్టి, మొరాకో దుస్తులు తొడిగి కూర్చోబెట్టినది. మన ఇళ్లలోకి అతను రాలేదు, రానిచ్చేవాళ్లమూ కాదు. తివాచీ మాత్రం నిజం, దాని మీద కూర్చున్న కథ కల్పన. మ్యూజియం గోడ మీద రెండూ ఒకే చట్రంలో ఉంటాయి. చూసేవాళ్లకు ఈ సంగతి పక్కనే రాసి పెడితే బాగుంటుంది.

షరతు పెట్టిన వసీయత్

1929 సెప్టెంబరులో క్లారిబెల్ స్విట్జర్లాండ్‌లో చనిపోయింది. ఆమె వసీయత్‌నామాలో ఒక షరతు ఉంది. బొమ్మలన్నీ చెల్లెలికి. ఆ తరువాత బాల్టిమోర్ మ్యూజియానికి ఇవ్వవచ్చు, కానీ ఆ ఊళ్లో ఆధునిక కళను ఆదరించే మనసు మెరుగుపడితేనే. సొంత ఊరికి ఇంతకన్నా మర్యాదగా ఎవరు చురక పెట్టగలరు? 1913లో ఈ నీలి చిత్రం అమెరికా ప్రదర్శనకు వెళ్లినప్పుడు చికాగోలో చిత్రకళా విద్యార్థులు దాని నకలును తగలబెట్టారు. క్లారిబెల్ అనుమానానికి కారణం లేకపోలేదు.

ఇక ఎట్టా ఒక్కతే మిగిలింది. అసలు కథ ఇక్కడే మలుపు తిరిగిందని నా అభిప్రాయం. 1930 డిసెంబరులో అమెరికా వచ్చిన మటీస్ పనిగట్టుకుని బాల్టిమోర్ వెళ్లి ఆమెను పరామర్శించాడు. ఆమె ఇంట్లోనే అతిథిగా ఉన్నాడు. పాతికేళ్లుగా తన చేతినుంచి వెళ్లిన బొమ్మలు ఒకే కప్పు కింద కాపురముండటం చూశాడు. అక్క జ్ఞాపకంగా ఒక బొమ్మ వేసి ఇమ్మని ఎట్టా అడిగింది. అతను బొగ్గుతో క్లారిబెల్ ముఖం గీశాడు, ఎట్టా ముఖమూ గీశాడు.

ఆ తరువాత ఎట్టా కొన్నవి చూస్తే, చిత్రకారుడూ ఆమె సేకరణను తన సొంత ఇంటిలా చూసుకున్నాడని అర్థమవుతుంది. ఒక ఫ్రెంచి కవి కవితలకు అతను వేసిన చిత్రాల అచ్చు పుస్తకం 1932లో వచ్చింది. ఆ పుస్తకం ఒక్కటే కాదు, దాని కోసం వేసిన చిత్తు గీతలు, పక్కన పెట్టేసినవి, రాగి రేకులు, అన్నీ కలిపి ఎట్టా తీసుకున్నది. 1935లో ఒక పెద్ద గులాబీరంగు చిత్రం వేస్తూ, అది రోజురోజుకూ ఎలా మారుతోందో 22 ఫొటోలు తీయించి ఆమెకు ఉత్తరాల్లో పంపాడు. కొనేవాడికి తయారైన సరుకు చూపిస్తారు. తప్పు దిద్దుకున్న మెట్లు కూడా చూపించేది దోస్తుకే. ఆ చిత్రాన్ని ఆమె కొన్నది. ఫొటోలూ ఇవాళ ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. ఒక పనివాడి బుర్ర ఎలా నడిచిందో తెలుసుకోవాలనుకునే విద్యార్థికి అవి ఆ చిత్రం కన్నా ఎక్కువ నేర్పుతాయేమో.

ఎట్టా వృద్ధాప్యంలో న్యూయార్క్‌తో సహా పెద్ద పెద్ద మ్యూజియంల వాళ్లు ఆమె గుమ్మం చుట్టూ తిరిగారు. బాల్టిమోర్ మ్యూజియం వాళ్ల దగ్గర అంత డబ్బూ లేదు, పేరూ లేదు. వాళ్లకున్నది ఎడలిన్ బ్రీస్కిన్ అనే ఉద్యోగిని. 1930లో ముద్రణ చిత్రాల విభాగంలో చేరి, 1947లో డైరెక్టరయిన ఈమె ఎట్టాతో ఏళ్ల తరబడి స్నేహం నిలుపుకుంది. ఆధునిక చిత్రాల ప్రదర్శనలు పెడుతూ వచ్చింది. అంటే క్లారిబెల్ షరతులోని ఆదరణను ఆమె ఒక్కొక్క ఇటుకే పేర్చింది. 1949 ఆగస్టు 31న ఎట్టా చనిపోయేనాటికి వసీయత్ బాల్టిమోర్ పేరనే ఉంది. సుమారు 3,000 వస్తువులు, వాటిలో 500 దాకా మటీస్ రచనలు, వాటిని ఉంచడానికి కొత్త భాగం కట్టేందుకు 400,000 డాలర్లు. కోన్ విభాగం 1957లో తెరుచుకుంది. అన్నల మిల్లులున్న గ్రీన్స్‌బరోనూ ఎట్టా మరువలేదు. అక్కడి స్త్రీల కళాశాలకు మటీస్ ముద్రణ చిత్రాలు, కంచు బొమ్మలు కొన్ని రాసిచ్చింది.

అదే 1949లో, మార్చి 2న, మన హైదరాబాద్‌లో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ చనిపోయాడు. ఆయనా పెళ్లి చేసుకోలేదు, ఆయన దేవిడీ కూడా బొమ్మలతో, గడియారాలతో, కితాబులతో కిక్కిరిసి ఉంది. కానీ వసీయత్ లేదు. వారసుల దావాలు, కమిటీలు, కోర్టు రాజీలు దాటాలి. అయినా 1951 డిసెంబరు 16న దీవాన్ దేవిడీలోనే నెహ్రూ చేతుల మీదుగా తలుపులు తెరుచుకున్నాయి. 1961లో పార్లమెంటు చట్టం వచ్చింది, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. కొద్దిలో తప్పిపోయిందనిపిస్తుంది నాకు. చెల్లాచెదురై ఉంటే మా బడి పిల్లలకు నేను ఏం చూపించేవాణ్ణి?

ఎవరి దోస్తులు గోడ ఎక్కారు?

బాల్టిమోర్ గోడల మీద దోస్తీ ఎంత పచ్చిగా కనిపిస్తుందంటే, దోస్తుల ముఖాలే అక్కడ వేలాడుతున్నాయి. పికాసో వేసిన లియో స్టెయిన్ ఉన్నాడు. మైకేల్, సారాల కొడుకు అలన్ చిన్నపిల్లాడిగా ఉన్నాడు. వలొటాన్ అనే చిత్రకారుడు 1907లో వేసిన గెర్ట్రూడ్ ఉంది. రాతప్రతి కొనని ఎట్టా, గెర్ట్రూడ్ ముఖాన్ని మాత్రం కొని దాచుకుంది. కోపం తగ్గిందో లేదో గానీ, గోడ మీద చోటు పోలేదు.

స్నేహం ఎక్కడికి పోలేదో అక్కడ ఖాళీ కూడా కనిపిస్తుంది. పికాసో తరువాత ప్రపంచాన్ని మలుపు తిప్పిన కోణాల చిత్రాల వైపు అక్కాచెల్లెళ్లు మొగ్గలేదు, ఎందుకంటే అప్పటికి గెర్ట్రూడ్ వాళ్లను చెయ్యిపట్టి తీసుకెళ్లడం మానేసింది. టోపీ స్త్రీ చిత్రం సంగతీ అలాంటిదే. అది చివరికి సారా దగ్గరికి చేరింది. వృద్ధాప్యంలో ఆమె కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు అక్కడి స్నేహితురాలు ఎలీస్ హాస్ కొని, తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియానికి రాసిచ్చింది. ఒకే మెహఫిల్ నుంచి రెండు దోస్తీలు, అమెరికా రెండు తీరాల్లో రెండు నగరాలు. సారా బాల్టిమోర్‌లో స్థిరపడి ఉంటే ఆ టోపీ కూడా అక్కడే ఉండేది.

వీటికన్నా పెద్ద ఖాళీ మరొకటి ఉంది. బాల్టిమోర్ జనాభాలో సగానికి పైగా నల్లజాతి వారు. వాళ్లలో చిత్రకారులు లేరా? ఉన్నారు. మ్యూజియమే 1939లో సమకాలీన నల్లజాతి చిత్రకారుల ప్రదర్శన పెట్టింది. అమెరికా పెద్ద మ్యూజియంలలో అలాంటి తొలి ప్రదర్శనల్లో అదొకటి. కానీ ప్రదర్శన ముగిశాక బొమ్మలు వెళ్లిపోతాయి. ఉండిపోయేవి ఎవరో రాసిచ్చినవి. రాసిచ్చేవాళ్ల విందుల్లో, మెహఫిల్‌లో ఆ చిత్రకారులు కూర్చోలేదు. కూర్చోనివ్వని రోజులవి. కోన్ అక్కాచెల్లెళ్లను నేను తప్పుపట్టడం లేదు. తమకు ఎదురైన దోస్తులకు వాళ్లు పూర్తి న్యాయం చేశారు. కానీ ఒక నగరం తన గోడలను దోస్తీకే వదిలేస్తే, దోస్తులు లేనివాళ్లు బయట నిలబడతారు.

మ్యూజియం ఈ బాకీ తీర్చడానికి ప్రయత్నించింది. 2018లో తన దగ్గరున్న ఏడు బొమ్మలు అమ్మాలని నిర్ణయించి, ఆ సొమ్ముతో స్త్రీల, నల్లజాతి చిత్రకారుల రచనలు కొన్నది. 2020లో ఆ ఏడాదంతా స్త్రీల రచనలే కొంటామని ప్రకటించింది. అదే ఏడు మరో మూడు పెద్ద చిత్రాలు అమ్మబోతే ఊళ్లోనూ బయటా గొడవ లేచి, అక్టోబరులో అమ్మకం ఆగిపోయింది. ఇచ్చినవాళ్ల అమానత్‌ను అమ్మవచ్చా అని ఒక పక్షం, ఊరి జనానికి బాకీ తీర్చకుండా అమానత్ ఏమిటని మరో పక్షం. రెండిట్లోనూ న్యాయం ఉంది. ఫిఖ్హ్ చదువుకున్నవాడిగా నాకు ఇలాంటి తగాదాలు కొత్త కాదు. వఖ్ఫ్ ఆస్తి విషయంలో మన పెద్దలు శతాబ్దాలుగా వాదించుకున్నది దాదాపు ఇదే. నా మటుకు నేను, ఉన్నది అమ్మకుండా కొత్తది తెచ్చే దారి ముందు వెతకాలంటాను.

అక్కడ 2006 నుంచి ప్రవేశానికి టికెట్ లేదు. 2021లో మటీస్ మీద పరిశోధనకు ప్రత్యేక కేంద్రం కూడా తెరిచారు. కానీ మేనల్లుడు చెప్పిన వాటిలో నాకు ఎక్కువ నచ్చింది వేరే సంగతి. 2022లో ఆ మ్యూజియం ఒక ప్రదర్శనను తన కాపలాదారులకు అప్పజెప్పింది. రోజంతా బొమ్మల పక్కన నిలబడి, ముట్టుకోవద్దని చెప్పడమే ఉద్యోగమైన 17 మంది. వాళ్లే బొమ్మలు ఎంచారు, వాళ్లే పేర్చారు. ఆ బొమ్మలతో వాళ్లంత సహవాసం చేసినవాళ్లు ఎవరున్నారు?

మేనల్లుడు తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటున్నప్పుడు పుస్తకం ఇచ్చేయబోయాను. "ఉంచుకోండి మామూ" అన్నాడు. అయితే నాకొక పని చేసిపెట్టమన్నాను. ఈసారి మ్యూజియానికి వెళ్లినప్పుడు మటీస్ గదిలో నిలబడే కాపలాదారుతో మాట కలిపి, ఆయనకు ఏ బొమ్మ ఇష్టమో, ఎందుకో అడిగి నాకు రాయమన్నాను. ఇంకా జవాబు రాలేదు.